ఎడమచేతి పిల్లలు

బెంగుళూరులోని మూడు బడుల పేర్లున్న కాగితం నా ముందు పెట్టి, ఏది కావాలో నన్నే ఎంచుకోమన్నారు. సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం సెక్షన్లు తెరిచాక, అందులో వెనకబడిన పిల్లల్ని విడిగా కూర్చోబెట్టి ఇంగ్లీషు నేర్పడం మా ట్రస్టు పని. మొదటి బడి యలహంకలో, మా అమ్మ ఇంటి నుంచి నడిచి పోయేంత దగ్గర. రెండోది నేను అద్దెకుంటున్న మారతహళ్ళిలోనే. మూడోది హూడి దాటాక ఎక్కడో, రెండు బస్సులు మారాలి. ఒక్కో బడి పక్కన హెడ్‌మిస్ట్రెస్ పేరు కూడా ఉంది. మూడో పేరు చదివి దాని మీదే వేలు పెట్టాను. దూరమైనా ఒప్పుకున్నానని మా సారు నా సేవాభావాన్ని మెచ్చుకున్నారు. సేవా లేదు, భావమూ లేదు. ఇరవై అయిదేళ్ళుగా ఎవరి మీద కడుపులో పగ పెట్టుకుని తిరుగుతున్నానో ఆ మనిషి అక్కడ ఉందని తెలిసింది, అంతే.

ఆమె నాకు అయిదో తరగతిలో ఇంగ్లీషు చెప్పింది. యలహంక పాత ఊళ్ళో కన్నడ బడి మాది. అప్పట్లో సర్కారు బడుల్లో ఇంగ్లీషు అయిదులోనే మొదలయ్యేది. ఆమెకు కొత్తగా ఉద్యోగం వచ్చింది, వయసులో ఉంది, చీర మడతలు నలగనిచ్చేది కాదు. గడియారాన్ని అందరిలా కాక, ముఖం మణికట్టు లోపలి వైపుకు వచ్చేలా కట్టుకునేది. టైము చూసుకోవాలంటే అరచేయి తిప్పాలి. ఆ తిప్పడం చూస్తే మాకు భయం.

ఇన్‌స్పెక్టరు వచ్చే ముందు రోజు ఆమె మాకొక పద్ధతి నేర్పింది. ప్రశ్న అడగ్గానే అందరూ చేయెత్తాలి. జవాబు తెలిసినవాళ్ళు కుడిచేయి, తెలియనివాళ్ళు ఎడమచేయి. చూడవచ్చినవాళ్ళకు గదినిండా చేతులే కనిపిస్తాయి. ఆమె మాత్రం కుడిచేతుల్లోంచి ఒకరిని లేపుతుంది. చాలా బడుల్లో ఈ కిటుకు ఉందని పెద్దయ్యాక తెలిసింది. మా మిస్ దానికి తన సొంత మెరుగు పెట్టింది. ఏ ప్రశ్నకు ఎవరికి జవాబు తెలుస్తుందో అనే అనుమానమే లేకుండా, బల్లల మధ్య నడుస్తూ నువ్వు కుడి, నువ్వు ఎడమ అని ముందే పంచేసింది. నా దగ్గరికి రాగానే ఆగను కూడా ఆగకుండా ఎడమ అని వెళ్ళిపోయింది. మొదటి వారంలో మీ నాన్న ఏం చేస్తాడని అడిగితే నేను తెలుగులో జవాబు చెప్పాను. నా సంగతి అక్కడే తేలిపోయింది.

మర్నాడు ఇన్‌స్పెక్టరు పుస్తకం తెరిచి ఒక బొమ్మ చూపించి ఇదేమిటని ఇంగ్లీషులో అడిగాడు. పడవ. నాకు తెలుసు. తెలిసింది కాబట్టి కుడిచేయి ఎత్తాను, అంతకు మించి నా బుర్రలో ఏమీ లేదు. మిస్ ఎవరినో లేపబోతుంటే ఆయనే నా వైపు చూపించాడు. లేచి చెప్పాను. సరిగ్గానే చెప్పాను. అది ఎక్కడ నడుస్తుందని ఇంకో ప్రశ్న వేశాడు. నీళ్ళు అని చెప్పాలి. నాకు తెలుసు. కానీ మిస్ కళ్ళు చూశాక నోరు ఎండిపోయింది. ఆయన నవ్వి, మీ పిల్లలకు సగమే నేర్పారు మేడం అని వెళ్ళిపోయాడు.

ఆయన గేటు దాటగానే నన్ను బోర్డు ముందు నిలబెట్టి, నా ఎడమచేయి పట్టి పైకెత్తింది. "ఇదీ నీ చేయి. గుర్తుపెట్టుకో" అని కన్నడంలో అంది. ఆఖరి గంట కొట్టేదాకా అలాగే నిలబడ్డాను. చేయి వాలినప్పుడల్లా స్కేలుతో కింది నుంచి లేపేది. నా కళ్ళ ముందు ఆమె మణికట్టు, లోపలి వైపు తిరిగిన ఆ గడియారం. ముల్లు ఎంత మెల్లగా కదులుతుందో ఆ రోజు నేర్చుకున్నాను.

డిగ్రీ అయ్యేదాకా నేను ఏ క్లాసులోనూ చేయెత్తలేదు. తర్వాత కాల్‌సెంటర్లో చేరి, అద్దం ముందు నిలబడి పళ్ళు నూరుకుంటూ ఇంగ్లీషు నేర్చుకున్నాను. ప్రతి మాటా ఆమె ముఖాన కొడుతున్నట్టు ఊహించుకునేదాన్ని. చాలా బాగా వచ్చింది.

హూడి బడిలో మొదటి రోజు కాగితాలు పట్టుకుని ఆమె గదిలోకి వెళ్ళాను. జుట్టు నెరిసింది, కాస్త ఒళ్ళు చేసింది. గడియారం మాత్రం అలాగే లోపలి వైపు. నా కాగితాలు చూసి, "ఇంగ్లీషు సపోర్టా, మంచిది, మెట్ల కింద చోటుంది, మధ్యాహ్నం బిసియూట భోజనం అయ్యాక తీసుకోండి" అని కన్నడంలో చెప్పి తల దించుకుంది. గుర్తుపట్టలేదు. నాకు ఒళ్ళు మండింది. అంత చేసి నన్ను మరిచిపోవడమా?

రెండో వారంలో హాజరు పట్టీ తిరగేస్తుంటే కొన్ని పేర్ల పక్కన ఎర్ర చుక్కలు కనిపించాయి. ఇవేమిటని అడిగితే పక్కనున్న టీచరు నవ్వి ఎడమచేయి ఎత్తి చూపించింది. ఆ పట్టీని మూసి దేవుడి పటానికి మొక్కినట్టు కళ్ళకద్దుకోవాలనిపించింది నాకు. పద్ధతి బతికే ఉంది. ఇక ఈవిడ నా చేతికి చిక్కినట్టే.

నాకు ఇచ్చిన పిల్లలు తొమ్మిది మంది, అందరికీ ఎర్ర చుక్కలే. వాళ్ళలో ఒక పిల్లకు పదకొండేళ్ళు. కదిరి దగ్గర పల్లె నుంచి వచ్చారు, అమ్మానాన్నలు హూడిలో లేస్తున్న అపార్ట్‌మెంట్లలో కూలిపని. పుస్తకం ఇంగ్లీషు, టీచరు చెప్పేది కన్నడం, ఆ పిల్లకు వచ్చింది తెలుగు. హెడ్‌మిస్ట్రెస్ ఆమె పేరు అయిదో తరగతిలో ఉంచి, కూర్చోబెట్టడం మాత్రం రెండో తరగతిలో కూర్చోబెట్టింది. ఆ చిన్న బల్ల కింద మోకాళ్ళు పట్టక, పక్కకు తిరిగి కూర్చునేది. ఏడేళ్ళ పిల్లలు ఆమెను అక్కా అని పిలిచి ముక్కులు తుడిపించుకునేవాళ్ళు.

వాళ్ళమ్మను కలవడానికి సైటుకు వెళ్ళాను. ఆమె పైపు పట్టుకుని కొత్త గోడలకు నీళ్ళు కొడుతోంది, నా వైపు తిరగకుండానే మాట్లాడింది.

"పసిపిల్లోల్లలో కూచుండేదానికి ఇస్కూలు ఏంటికి మేడం? ఈడ చంటిది ఒక్కతే ఉయ్యాల్లో ఏడుస్తా ఉండాది. ఇది వచ్చి చూసుకుంటే నాకు సుకం."

"అయిదో తరగతిలో కూర్చోబెడితే పంపిస్తారా?"

"కూచోబెట్టమను. నేనెందుకు వద్దంటా? సదువు వద్దనే తల్లి యాడన్నా ఉంటాదా?"

సంగతి అంత సూటిగా ఉంది. అయిదో తరగతి బల్ల దొరికితే ఆ పిల్ల బడిలో ఉంటుంది. దొరక్కపోతే సైటులో ఉయ్యాల ఊపుతుంది.

మేం మాట్లాడుతుండగా ఆ పిల్ల పక్కన నిలబడి చెల్లెలికి ఆటగా వస్తువులు చూపిస్తోంది. మిక్సర్, బకెట్, రాడ్, పైప్, లెవెల్, స్లాబ్. నేను లెక్కపెట్టడం మొదలుపెట్టి నలభై దగ్గర ఆపేశాను. ఈ పిల్లకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదని బడిలో రాసిపెట్టారు! మర్నాటి నుంచి మెట్ల కింద పాఠం పుస్తకం పక్కన పడేశాను. ఇల్లు ఎలా కడతారో నాకు చెప్పమన్నాను. మొదట మాటలు మాత్రమే ఉండేవి, వాటి మధ్య తెలుగు. రోజుకు కొంచెం తెలుగు తీసేసి అక్కడ ఇంగ్లీషు పెట్టాం. ఆమె చెప్పింది నేను రాసేదాన్ని, నేను రాసింది ఆమె చదివేది. తన నోటి మాటే కాబట్టి అక్షరాలు భయపెట్టలేదు. నాలుగు నెలలు తిరిగేసరికి అయిదో తరగతి పాఠం తీసి గడగడా చదివింది. ఆ రోజు నేను తల పై మెట్టుకు తగిలేంత ఎగిరాను. నిజంగానే తగిలింది, బొప్పి కట్టింది.

ఆ మర్నాడే హెడ్‌మిస్ట్రెస్ నన్ను గదికి పిలిచింది.

"ఆ కదిరి పిల్ల ఎలా ఉంది? చదవడం వస్తే ఇక్కడికి తీసుకురండి. ఒక పేజీ వింటాను. బాగుంటే రేపే అయిదులో కూర్చోబెడతాను."

నేను ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు.

"ఇంకా రాలేదు మేడం" అన్నాను.

ఎందుకన్నానో దాచను. మూడు వారాల్లో విద్యాశాఖ ఆఫీసరు వస్తున్నాడని, మాదిరి బడిగా ఎంపిక చేయడానికి క్లాసులు చూస్తాడని అప్పటికే తెలుసు. నాలుగు గోడల మధ్య ఒక పేజీ విని, ఆమె మంచిదానిలా తల ఊపి, పిల్లను బల్ల మార్చేస్తే నాకేం మిగిలింది? నాకు గదినిండా మనుషులు కావాలి. నేను బోర్డు ముందు నిలబడ్డట్టు ఆమె నిలబడాలి. దానికి ఆ పిల్ల ఎర్ర చుక్కతోనే ఉండాలి.

ఆ మూడు వారాలు గడపడం కష్టమైంది. వాళ్ళమ్మ సోమవారం నుంచి మాన్పిస్తానంది. చేతులు పట్టుకుని బతిమాలి వాయిదా వేయించాను. పిల్ల రోజూ రెండో తరగతి బల్ల మీద పక్కకు తిరిగి కూర్చుంది. ఒకరోజు పాఠం చదివి పుస్తకం మూసి నా ముఖంలోకి చూసింది.

"మిస్, నాకు వచ్చేసింది కదా?"

"ఇంకా కొంచెం ఉంది" అన్నాను.

"యాడ తప్పు పోయింది మిస్?"

"తర్వాత చెప్తాను."

ఆమె మళ్ళీ మొదటి పేజీ తీసి, తప్పు తనే వెతుక్కోవడం మొదలుపెట్టింది.

ఆఫీసరు వచ్చిన రోజు ఆయనకు కాఫీ అందించే పని నాకే పడింది. సన్నటి మనిషి, పెద్దగా మాట్లాడడు. వరండాలో కప్పు అందిస్తూ మెల్లగా అన్నాను.

"సార్, ఎడమచేయి ఎత్తినవాళ్ళను అడగండి."

ఆయన అర్థం కాక చూశాడు. తర్వాత పెదవి మీద చిన్న నవ్వు కదిలింది. ఆయనా ఏదో ఒక సర్కారు బడిలో చదువుకునే ఉంటాడు.

తలల లెక్క సరిపోవాలి కాబట్టి ఆ ఒక్క రోజుకు మా పిల్లను అయిదులో కూర్చోబెట్టారు. ఆఫీసరు పుస్తకంలో ఇంటి బొమ్మ చూపించి ప్రశ్న వేశాడు. గదంతా చేతులు లేచాయి. హెడ్‌మిస్ట్రెస్ ముఖం వెలిగిపోయింది. "ఎవరినైనా అడగండి సార్" అంది కూడా.

ఆయన వెనక బల్లలో ఎడమచేయి ఎత్తిన ఒక అమ్మాయిని లేపాడు. ఆ పిల్ల లేచి నిలబడి నేల చూసింది. ఇంకో ఎడమచేతిని లేపాడు. ఆమె కూడా అంతే, యూనిఫాం అంచును పైట చెంగులా పట్టుకుని పిసుకుతూ నిలబడింది. మూడో పిల్లకు లేవకముందే ఏడుపొచ్చింది. ఆ ముగ్గురిలో ఇద్దరు నా మెట్ల కింది పిల్లలే. గదిలో ఎడమచేతులు ఒకటొకటిగా దిగిపోయాయి. నేను తలుపు దగ్గర నిలబడి ఆ పిల్లల్ని చూశాను. చూసి పక్కన పెట్టాను. నా కళ్ళు హెడ్‌మిస్ట్రెస్ మీదే ఉన్నాయి. ఆమె పై పెదవి మీద చెమట పట్టింది. అరచేయి తిప్పి గడియారం చూసుకుంది. చూసుకో తల్లీ, ముల్లు ఎంత మెల్లగా కదులుతుందో చూడు, అనుకున్నాను.

చివరికి ఒకే ఒక్క ఎడమచేయి మిగిలింది. మా పిల్లది. ఎడమ ఎత్తమన్నారు, ఎత్తింది, దించమని ఎవరూ చెప్పలేదు కాబట్టి దించలేదు. ఆఫీసరు పుస్తకం మూసి, ఇల్లు ఎలా కడతారమ్మా అని ఇంగ్లీషులో అడిగాడు.

ఆమె నా వైపు చూసింది. నేను తల ఊపాను.

"ఫస్ట్ సెంట్రింగ్ సార్. దెన్ రాడ్స్. దెన్ కాంక్రీట్ కమ్స్ ఇన్ మిక్సర్. మై ఫాదర్ క్యారీస్. మై మదర్ పోర్స్ వాటర్ ఎవ్రీ డే. నో వాటర్, క్రాక్ కమ్స్."

అక్కడితో ఆగలేదు. రాడ్లు ఎలా కడతారో, లెవెల్ ఎలా చూస్తారో, వర్షం వస్తే స్లాబు మీద ఏం కప్పుతారో చెప్పుకుంటూ పోయింది. ఆఫీసరు మధ్యలో రెండు ప్రశ్నలు వేశాడు, రెండింటికీ చెప్పింది.

"రోజూ ఎక్కడ కూర్చుంటావు?" అని అడిగాడాయన.

"సెకండ్ స్టాండర్డ్ సార్."

ఆయన హెడ్‌మిస్ట్రెస్ వైపు తిరిగాడు. గొంతు పెంచలేదు.

"మేడం, ఈ పిల్లకు ఇంగ్లీషు తెలుసా, తెలియదా? మీరు ఏ చేయి ఎత్తుతారు?"

బోర్డు ముందు ఆమె నిలబడి ఉంది. పిల్లలంతా ఆమె చేతుల వైపే చూస్తున్నారు. ఆ రెండు చేతులూ చీర మడతల్లో దాక్కున్నాయి. ముఖం మాడిపోయింది. ఇరవై అయిదేళ్ళలో నేను ఊహించుకున్న ఏ ముగింపులోనూ ఇంత రుచి లేదు. ఇంటికి పోతూ బస్సులో ఒక్కదాన్నే నవ్వుకున్నాను. మారతహళ్ళిలో దిగి హోటల్లో మసాలా దోసె తిని, పైన ఒక మైసూర్‌పాకు కూడా తిన్నాను.

మాదిరి బడి బోర్డు వాళ్ళకు రాలేదు. ఆమెకు సంజాయిషీ అడుగుతూ నోటీసు వచ్చింది. మా పిల్లను మర్నాడే అయిదులో కూర్చోబెట్టారు. ఆ సాయంత్రం హెడ్‌మిస్ట్రెస్ నన్ను పిలిచి, తలుపు దగ్గరికి వేసి, మొదటిసారి తెలుగులో మాట్లాడింది. పాత బెంగుళూరు తెలుగు, అచ్చం మా ఇంట్లో మాట్లాడుకునేదే.

"ఏమ్మా, కడుపు సల్లగా అయిందా?"

నేను కుర్చీ లాక్కుని కూర్చునేదాకా ఆగి, మళ్ళీ అంది.

"యలహంక స్కూలు. పడవ బొమ్మ. నువ్వు వచ్చిన దినమే గుర్తుపట్టినా. అడుగుతావేమో, తిడతావేమో అని చూస్తా ఉంటి."

"అడిగితే ఏం చెప్పేవారు?"

"ఏం చెప్పేది? తప్పు చేస్తినని చెప్పేదాన్నేమో. ఇప్పుడు చెప్పను." ఆమె లేచి కిటికీ వైపు చూపించింది. కిటికీ అవతల మెట్లు. "ఆ పాప సదివేది ఈడికి వినిపిస్తాది. అందుకే తీసుకురమ్మంటి. నువ్వేమో సదవడం ఇంకా రాలేదంటివి."

అయినా తల దించుకోలేదు. నేను ఆమెను క్షమించలేదు, ఇది రాస్తున్నప్పుడు కూడా క్షమించలేదు. తన తప్పును నా తప్పుతో కప్పుకోవాలని చూస్తోందనుకుని, తలుపు తెరుచుకుని బయటికి వచ్చేశాను.

మర్నాడు మెట్ల కింద తొమ్మిది మందీ కూర్చున్నారు. అయిదో తరగతి బల్ల దొరికినా, మా పిల్ల కూడా వచ్చింది. ఆఫీసరు ముందు ఏడ్చిన అమ్మాయి అందరికంటే వెనక, మెట్టు నీడలో ముడుచుకుంది. ఇక్కడ కుడీ లేదు, ఎడమా లేదు, తెలిస్తే ఏ చేయి అయినా ఎత్తండి, తెలియకపోతే దించుకుని కూర్చోండి, ఎవరూ కొట్టరు అని చెప్పాను. పుస్తకంలో చిన్న ప్రశ్న ఒకటి అడిగాను. మా పిల్లకు నిద్రలో లేపి అడిగినా వచ్చే ప్రశ్న. ఇద్దరు ముగ్గురు చేతులెత్తారు. ఆమె రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని నన్నే చూస్తోంది.

"నువ్వెందుకు ఎత్తలేదు?" అన్నాను.

"నాకు వచ్చిందో లేదో మీరు కదా మిస్ చెప్పాల?"

ఎత్తిపొడుపు కాదు. కోపం అసలే లేదు. ఏ పద్ధతి ఎక్కడ పాటించాలో నేర్చుకున్న పిల్ల, నా పద్ధతిని కూడా నేర్చుకుంది. రెండు బస్సులు మారి నేను ఎవరి మీద పగ తీర్చుకోవడానికి వచ్చానో ఆమె చేసిన పనే నేనూ చేశాను. ఆమె నాకు తెలియదనుకుని ఎడమ అంది. ఈ పిల్లకు తెలుసునని తెలిసే నేను ఎడమ అన్నాను.

నేను కింద, ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

"నీకు ఎప్పుడో వచ్చేసింది. నువ్వు అడిగిన రోజుకే వచ్చేసింది. తప్పు ఎక్కడా పోలేదు. నేనే అబద్ధం చెప్పాను."

మిగతా ఎనిమిది మందీ చేతులు దించి మా ఇద్దరినీ చూస్తున్నారు.

"ఏంటికి మిస్?" అని అడిగింది మా పిల్ల.

జవాబు నాకు తెలుసు. నోరు ఎండిపోయింది.